గ్లోవ్స్ సరే.. జీతం ఎవరిస్తారు?

‘‘అన్నా, ప్లేస్‌మెంట్స్ వదిలేసి ఫుట్‌సాల్ గోల్‌కీపర్‌గా ట్రై చేద్దామనుకుంటున్నా. ఏమంటావ్?’’

మా చంద్రగిరిలో బీటెక్ ఫైనలియర్ చదివే తమ్ముడొకడు మొన్న అడిగాడు. నేను నవ్వలేదు, తిట్టలేదు. ‘జీతం ఎవరిస్తారు?’ అని మాత్రం అడిగా. కెరీర్ ఏదైనా మొదట వేసుకోవాల్సిన ప్రశ్న ఇదే.

ఫుట్‌సాల్ అంటే జట్టుకు ఐదుగురు ఆడే ఇండోర్ ఫుట్‌బాల్. గోల్ 3 మీటర్ల వెడల్పు, 2 మీటర్ల ఎత్తు. చిన్న కోర్టు కాబట్టి షాట్లు దగ్గర్నుంచే దూసుకొస్తాయి. సొంత సగంలో బంతి చిక్కితే కీపర్ 4 సెకన్లలో వదిలేయాలి. కష్టమైన పనే. కానీ కష్టమైన పనులన్నింటికీ మార్కెట్ ఉండదు కదా!

బ్రెజిల్, స్పెయిన్‌లలో ఈ ఆటతోనే బతికేవాళ్లున్నారు. మన దగ్గర ప్రీమియర్ ఫుట్‌సాల్ 2016లో మొదలైంది. 2017లో తెలుగు టైగర్స్ జట్టూ వచ్చింది. రెండు సీజన్లకే లీగ్ ఆగిపోయింది. జాతీయ ఫుట్‌బాల్ సమాఖ్య 2021లో క్లబ్ చాంపియన్‌షిప్ మొదలుపెట్టింది. మంచిదే, కానీ అది ఏడాది పొడవునా జీతమిచ్చే లీగ్ కాదు. పైగా కోర్టులో కీపర్ ఒక్కడే.

హైదరాబాద్‌లో పుట్టిన పీటర్ తంగరాజ్‌ను చూడండి. 1956, 1960 ఒలింపిక్స్ జట్లలో ఉన్న కీపర్. 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణం, 1967లో అర్జున అవార్డు. అంతటివాడి ఆటకు మొదట అండగా నిలిచింది సైన్యంలోని కొలువు. ఆట ముగిశాక బొకారో స్టీల్‌లో చేరారు.

‘అప్పటి రోజులు వేరు, ఇప్పుడు ఐఎస్ఎల్ ఉంది’ అనొచ్చు. నిజమే, కానీ అది పదకొండు మంది ఆట. అందుకే ఫుట్‌సాల్‌తో పాటు పెద్ద మైదానంలోనూ ఆడండి. రైల్వే, సైన్యంలో స్పోర్ట్స్ కోటా నోటిఫికేషన్లు వస్తే మీ ఆట పేరు జాబితాలో ఉందా, ఏ స్థాయి సర్టిఫికెట్ అడుగుతున్నారు అన్నది ముందు చదవండి. కోచింగ్ ఇష్టమైతే డి-లైసెన్స్‌తో మొదలుపెట్టొచ్చు. గోల్‌కీపింగ్ కోచ్‌లకు ఆసియా సమాఖ్య విడిగా కోర్సులు నడుపుతోంది.

ఇంకో మాట. ఇప్పటికే యూనివర్సిటీ లేదా రాష్ట్ర జట్టుకు ఆడి ఉంటే రిస్క్‌కు అర్థముంది. కాలనీ టర్ఫ్‌లో దోస్తులు కొట్టిన చప్పట్లే ఆధారమైతే ప్లేస్‌మెంట్ వదులుకోవడం కళ్లు మూసుకుని దూకడమే.

‘‘అయితే మానేయమంటావా అన్నా?’’ అన్నాడు తమ్ముడు. వద్దన్నా. ‘‘ఇంటర్వ్యూలకు కూర్చో. ఉద్యోగం వస్తే చేరు. సాయంత్రాలు ప్రాక్టీస్ చెయ్. రెండేళ్లు గడువు పెట్టుకో. ఆలోగా రాష్ట్ర సెలక్షన్స్ దాటితే నేనే మీ నాన్నతో మాట్లాడతా.’’

మాటిచ్చా. ఇక గోల్ కాపాడుకోవాల్సింది వాడే.