ఆ చివరి పరీక్ష అంటే భయమెందుకు?

పోస్టుమార్టం అనగానే మనకు పోలీసులు, పంచనామా, మార్చురీ ముందు పడిగాపులు గుర్తొస్తాయి. కానీ ఆసుపత్రిలో జబ్బుతో చనిపోయినవారికి, అసలు కారణం తెలుసుకోవడానికి చేసే పరీక్ష వేరే ఉంది. అదే పాథలాజికల్ అటాప్సీ. దీనికి పోలీసులతో పనిలేదు. కుటుంబం ఒప్పుకొని సంతకం చేస్తేనే చేస్తారు.

కొన్నేళ్ల కిందట మా వార్డులో నలభై రెండేళ్ల వ్యక్తి చనిపోయారు. జ్వరం, దగ్గు, ఆయాసంతో వచ్చారు. న్యుమోనియాగా భావించి చికిత్స చేశాం. నాలుగో రోజు ఉన్నట్టుండి ఆయాసం ఎక్కువై, గంటలోపే ప్రాణం పోయింది. ‘నిన్న బాగానే మాట్లాడారు కదా సార్, ఏమైంది?’ అని ఆయన భార్య అడిగారు. న్యుమోనియా ముదిరిందన్నాను. ఊపిరితిత్తుల రక్తనాళానికి రక్తపు గడ్డ అడ్డుపడిందేమోనన్న అనుమానం నన్ను ఇప్పటికీ వదల్లేదు. అటాప్సీ మాట ఎత్తడానికి ఆ రోజు నాకు నోరు రాలేదు.

ఇన్ని స్కాన్లుండగా ఇంకా ఇదెందుకని అడగొచ్చు. అమెరికాలోని బోస్టన్‌లో ఒక బోధనాసుపత్రి వైద్యులు 1960, 1970, 1980 సంవత్సరాల నుంచి వంద చొప్పున అటాప్సీలను పరిశీలించి, 1983లో ఫలితాలు ప్రచురించారు. దాదాపు పది శాతం మందిలో, ముందే పసిగట్టి ఉంటే చికిత్స మారి, ఆయుష్షు పెరిగే అవకాశమున్న పెద్ద జబ్బులు బయటపడ్డాయి. అల్ట్రాసౌండ్, సీటీ స్కాన్ వచ్చాక కూడా ఆ శాతం తగ్గలేదు. ఇలాంటి పొరపాట్లు తర్వాత తగ్గుముఖం పట్టాయని ఇతర పరిశీలనల్లో తేలినా, పూర్తిగా పోలేదు. స్కాన్ ఎక్కడ తీయాలో నిర్ణయించేది డాక్టరుకు వచ్చిన అనుమానమే కదా!

ఇది డాక్టర్లకే కాదు, ఇంటివారికీ మేలు చేస్తుంది. వంశపారంపర్యంగా వచ్చే గుండె కండరం జబ్బు బయటపడితే పిల్లలకు ముందే పరీక్షలు చేయించొచ్చు. క్షయ అని తేలితే ఇంట్లో అందరినీ పరీక్షించి కాపాడుకోవచ్చు.

‘బతికినన్నాళ్లూ బాధపడ్డాడు, పోయాక కూడా కోస్తారా?’ అంటారు పెద్దలు. ఆ బాధ అర్థం చేసుకోదగ్గదే. అయితే పరీక్ష సాధారణంగా రెండు మూడు గంటల పని. తర్వాత కుట్లు వేసి, శుభ్రం చేసి అప్పగిస్తారు. కడసారి చూపుకు అడ్డు ఉండదు. ఏదో ఒక అవయవాన్నే చూడమని షరతు పెట్టొచ్చు. కొన్నిచోట్ల సూదితో నమూనాలు తీసే పద్ధతీ ఉంది.

అసలు లోపం మా వైపే ఎక్కువ. తప్పు బయటపడుతుందనో, గొడవవుతుందనో అడగడానికే వెనకాడతాం. బోధనాసుపత్రుల్లోనైనా సీనియర్ డాక్టరే కూర్చుని కుటుంబంతో మాట్లాడాలి. వచ్చిన రిపోర్టును నేర్చుకోవడానికి చర్చించాలి, ఎవరినో శిక్షించడానికి కాదు.

మిమ్మల్ని ఎవరైనా అడిగితే వెంటనే కాదనకండి. ఎంతసేపు పడుతుంది, ఏం తీసి ఉంచుకుంటారు, రిపోర్టు ఎవరు వివరిస్తారు అని అడిగి తెలుసుకోండి. ఆ తర్వాత మీ ఇష్టం. నా రోగి భార్యకు నేను ఆ అవకాశమే ఇవ్వలేదు.