బంగారు కాగితములోని సారా

క్రిస్మసు మొదలు సంక్రాంతి వరకు మన యిండ్లలో పొయ్యి చల్లారదు. పండుగనాడు తీపి చేయవలదని చెప్పుట మా యుద్దేశము కాదు. చదువుకొన్నవారి యిండ్లలో నిటీవల ప్రవేశించిన యొక క్రొత్త భక్ష్యమును గూర్చియే మా వివాదము. బిస్కట్టుల పొడిలో కోకోపొడియు, డబ్బాపాలును గలిపి, అందులో రెండు మూడు చెంచాల రమ్ము పోసి, ఉండలు చేసి, బంగారు రంగు కాగితములు చుట్టి పంచిపెట్టుచున్నారు. ఇది నాగరకత యట!

గడచిన డిసెంబరులో మా మార్టూరున నొక మిత్రుని యింట నిట్టి పళ్లెము చూచితిమి. పత్తితీతనుండి వచ్చిన కూలియామెకు గృహిణి దయతో రెండుండల నిచ్చినది. ఆమె కాగితము విప్పి వాసన చూచి, "అమ్మా, ఇది మా యింటాయన నోటి వాసన గదా! పిల్లకాయలకు పెట్టలేనమ్మా" యని వానిని అరుగుమీద నుంచి వెళ్లిపోయినది. మా మిత్రుడు నవ్వెను. మాకు నవ్వు రాలేదు.

రమ్మనగా నేమి? చెరకు రసమునో, చక్కెర మిల్లులలో మిగిలిన చెరకు మడ్డినో పులియబెట్టి బట్టీలో దించిన ద్రవము. మన రాష్ట్రమున బీదలు త్రాగిన సారాయు మడ్డినుండి తీసిన స్పిరిటుతోనే తయారైనది. ఒకటి సీసాలోనికిని, రెండవది ప్యాకెట్టులోనికిని ఎక్కినవి. పుట్టిల్లు మాత్ర మొక్కటే. మనుస్మృతి సురను గౌడి, పైష్టి, మాధ్వి యని మూడు తెఱగులుగా చెప్పినది. గుడమునుండి పుట్టినది గౌడి. రమ్ము దానికి చెల్లెలు. గౌడి యన్నచో చెవులు మూసికొను పెద్దలు, రమ్మనగానే చేతులు చాచుచున్నారు!

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో, రాత్రిబడులలో అక్షరములు నేర్చుకొన్న స్త్రీలు సారా దుకాణమును మూయించిరి. ఆ యుద్యమము రాష్ట్రమంతట వ్యాపించి, 1993 అక్టోబరులో సారా నిషేధమును, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధమును తెచ్చినది. 1997లో ఆ నిషేధము సడలింపబడినది. చట్టము పోయినను ఆ స్త్రీల ప్రశ్న పోలేదు. నాడు మన మరుగులమీద కూర్చుండి వారిని మెచ్చుకొంటిమి. కూలివాని ప్యాకెట్టు వ్యసనమైనపుడు మన చెంచా రుచి యెట్లైనది?

"వేడికి మద్య మెగిరిపోవును గదా" యందురు. ఈ యుండలు పొయ్యి యెక్కనే యెక్కవు. పోసినదంతయు లోపలనే యుండును. కాల్చిన కేకులో సైతము కొంత మిగులును. "ఒక్క యుండకు మత్తెక్కునా?" యందురు. ఎక్కదు, ఒప్పుకొందుము. కాని బాలుడు నేర్చునది మత్తు కాదు, ఆ వాసనయే పండుగ యనియు, గౌరవ మనియు నేర్చును. "ఆయుర్వేదమున ఆసవారిష్టములు లేవా?" యందురు. ఉన్నవి. వానిని వ్యాధిగ్రస్తునకు కొలతతో నిత్తురు. ద్రాక్షారిష్టమును ఉండలు చేసి చుట్టముల పిల్లలకు పంచిన వైద్యుని మే మెఱుగము.

చాక్లెట్టును మేము ద్వేషింపము. గోదావరి ప్రాంతమున కొబ్బరి తోటల నీడలో కోకో పండుచున్నది. వేయించిన వేరుసెనగపప్పు పొడి, కోకోపొడి, ముదురు బెల్లపు పాకము, చెంచాడు చిక్కని కాఫీ డికాషను, రెండేలకులు కలిపి ఉండలు చేయుడు. కోకో చేదునకు కాఫీ చేదు తోడై రుచికి నిండుదనము వచ్చును. క్రిస్మసు కేకునకు ఎండుద్రాక్షలను నారింజరసములో నానబెట్టు గృహిణులు మనలో కలరు. వారి పండుగకు లోపమేమియు రాలేదు.

సోదరీమణులారా, ఈ సంక్రాంతికి మిరపతోటలకు కూలికి పోవు తల్లి మీ గడప యెక్కినపుడు, ఆమె వాసన చూడకయే తన బిడ్డ నోట పెట్టగల తీపి మీ పళ్లెములో నుండవలయును. మేము కోరునది యింతే.