ఒంటికొమ్మ చెట్టు

ఉద్యోగానికి వెళ్ళాక మా అమ్మాయి ఫోనులో రెండు ముక్కలే మాట్లాడుతోందని, బి.కాం. చదివిన నేను యాభై ఆరో ఏట దాని విద్యే మొదలుపెట్టాను. పైథాన్!

అందులో బైనరీ సెర్చ్ ట్రీ అని ఒక చెట్టు. చిన్న అంకె ఎడమకు, పెద్దది కుడికి. ప్రతి కొమ్మా మళ్ళీ చెట్టే కనుక, ఖాళీ చోటు దొరికేదాకా ఫంక్షను తన్ను తానే పిలుచుకుంటుంది. అదే రికర్షన్.

లెడ్జరు అలవాటుకొద్దీ 1 నుంచి 2000 దాకా వరుసగా ఎక్కించాను. అన్నీ కుడికే జారి చెట్టు కాస్తా తాడైంది. మామూలుగా 1000 పిలుపుల లోతు దాటనివ్వని పైథాన్ మధ్యలోనే మొరాయించింది. వరుస తప్పితే గుమాస్తాలను కసిరినవాణ్ణి నేను!

"నాన్నా, మధ్య అంకె ముందు పెట్టు. రెండు సగాలనూ అలాగే చెయ్యి" అంది. ఇప్పుడు ఏ అంకెకైనా 11 మెట్లు చాలు. ఆ రాత్రి ఫోను గంటసేపు సాగింది.

రెండు కొమ్మలున్న అంకెను తీసెయ్యడం ఇంకా కుదరలేదు. ఆదివారం అడగాలి.