ప్రింటర్ పాడైతే కొత్తది కొనడమొక్కటే దారా?



పరీక్షల రోజులొచ్చాయంటే ఏలూరు, తాడేపల్లిగూడెంలోనైనా, కొల్లేటి అంచున కైకలూరు, ఆకివీడులోనైనా ఇళ్లలో మూలనున్న ప్రింటర్ మీద గుడ్డ తీస్తారు. తీరా చూస్తే అది పలకదు. 2025 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వ వాట్సాప్ సేవ 'మన మిత్ర' వచ్చాక హాల్ టికెట్ వాట్సాప్‌లోకే వస్తోంది కానీ, పరీక్ష కేంద్రం గుమ్మం దగ్గర చూపించాల్సింది కాగితమే. ప్రింటర్‌ను షాపుకు మోసుకెళ్తే తరచూ వినిపించే మాట ఒకటే: "రిపేరు దండగండీ, కొత్తది తీసేసుకోండి." ఈ సలహా చాలాసార్లు తప్పు. అలాగని తప్పంతా మెకానిక్‌దే అనలేం. విడిభాగం, సమాచారం అతని చేతికి అందకపోవడమే అసలు జబ్బు.

ముందు ఈ నేల సంగతి చూడాలి. చుట్టూ చేపల చెరువులు, కాలువలు, వరి చేలు. వానాకాలంలో విప్పిన పేపర్ కట్ట రెండు రోజులు బయట ఉంటే చాలు, తేమ పీల్చేస్తుంది. లేజర్ ప్రింటర్‌లో టోనర్ పొడిని కాగితానికి అంటించే ఫ్యూజర్ దాదాపు 200 డిగ్రీల దాకా వేడెక్కుతుంది. ఆ వేడికి కాగితంలోని తేమ ఆవిరై, కాగితం చుట్టుకుపోయి లోపలే ఇరుక్కుంటుంది. అచ్చు కూడా వెలిసిపోయినట్టు వస్తుంది. ఇంట్లోవాళ్లు మిషన్ పోయిందనుకుంటారు. విప్పని కొత్త కట్టలోంచి పది కాగితాలు పెట్టి చూస్తే సగం అనుమానం అక్కడే తీరుతుంది.

కాగితం అసలు లోపలికే వెళ్లకపోతే చూడాల్సింది పికప్ రోలర్. ట్రే పైన ఉండే ఈ చిన్న రబ్బరు చక్రం దుమ్ముకి, వయసుకి నున్నబడుతుంది. కాగితం మీద తిరుగుతూ కిర్రుమంటుందే తప్ప లాగదు, లేదా రెండు మూడు కలిపి లాగేస్తుంది. తడిపి పిండిన గుడ్డతో తుడిస్తే కొన్నాళ్లు నడుస్తుంది. పూర్తిగా అరిగితే మార్చుకోవాలి. దీనికోసం ప్రింటర్‌నే పారేయడం అన్యాయం.

హెచ్‌పీ 1020, కానన్ ఎల్‌బీపీ 2900 అన్న పేర్లు నెట్ సెంటర్లవాళ్లకు చెప్పనక్కర్లేదు. ఇరవై ఏళ్ల కిందటి మోడళ్లు, ఇప్పటికీ గుమస్తాల బల్లల మీదా మీసేవ కేంద్రాల్లోనూ కనిపిస్తాయి. 1984లో వచ్చిన మొదటి హెచ్‌పీ లేజర్‌జెట్‌కు లోపలి ఇంజిన్ ఇచ్చింది కానన్. ఆ చుట్టరికం వల్లే హెచ్‌పీ 12ఏ కాట్రిడ్జ్, కానన్ 303 కాట్రిడ్జ్ లోపల దాదాపు ఒకటే. కంపెనీ లెక్కన ఒక కాట్రిడ్జ్‌కు సుమారు 2000 పేజీలు వస్తాయి. ఒరిజినల్ ధర వేలల్లో ఉంటే, రీఫిల్ వందల్లో అయిపోతుంది. ఫ్యూజర్ టెఫ్లాన్, రోలర్, కాగితాలను విడదీసే సెపరేషన్ ప్యాడ్ అన్నీ విడిగా దొరుకుతాయి. ఇలాంటి ప్రింటర్ చేతిలో ఉన్నవాళ్లు రిపేరుకు వెనకాడనవసరం లేదు.

ఇంకు ప్రింటర్ల కథ వేరు. ఇంకు చిమ్మే రంధ్రాలు వెంట్రుక కన్నా సన్నం, వాడకపోతే ఎండిపోతాయి. చౌక కాట్రిడ్జ్ మోడళ్లు చాలావాటిలో ఆ రంధ్రాలుండే హెడ్ కాట్రిడ్జ్ మీదే ఉంటుంది కాబట్టి కాట్రిడ్జ్ మారిస్తే హెడ్ మారినట్టే. ఎప్సన్ ట్యాంక్ మోడళ్లలో హెడ్ మిషన్‌లోనే ఉంటుంది. అది పూర్తిగా పోతే ఖర్చు గట్టిగానే తగులుతుంది. కానన్ జీ సిరీస్‌లో హెడ్లు విడిగా ఊడతాయి. కొనేటప్పుడు ఈ తేడా అడిగేవాళ్లు ఎంతమంది?

ఇక అందరినీ బెంబేలెత్తించేది రెండు లైట్లు మార్చి మార్చి వెలిగే రోగం. హెడ్ క్లీనింగ్ కొట్టిన ప్రతిసారీ కొంత ఇంకు అడుగునున్న స్పాంజి ప్యాడ్‌లోకి పోతుంది. ఎంత పోయిందో మిషన్ తనలో తాను లెక్కేసుకుంటుంది. ఆ లెక్క నిండగానే ప్రింటర్ ఆగిపోతుంది. ట్యాంకులో ఇంకుండొచ్చు, హెడ్ బాగుండొచ్చు, అయినా ఆగుతుంది. ప్యాడ్ మార్చి లెక్కను సున్నా చేస్తే మళ్లీ నడుస్తుంది. ఆ సున్నా చేసే సాఫ్ట్‌వేర్ మాత్రం వీధి మెకానిక్‌కు అధికారికంగా అందదు. అందుకే దొంగ సాఫ్ట్‌వేర్లూ, "కొత్తది కొనండి" సలహాలూ. కానన్ జీ2020, జీ3020 లాంటి మోడళ్లలో ఈ వృథా ఇంకు పెట్టెను కొన్నవాళ్లే మార్చుకునే ఏర్పాటు చేశారు. ఒక కంపెనీ చేయగలిగింది అన్నింటిలోనూ ఎందుకుండదు?

అన్నిటికీ రిపేరే అనడం కూడా మొండితనమే. పిడుగుపాటుకో, హైవోల్టేజీకో మెయిన్ బోర్డు కాలితే వదిలేయడం మేలు. రిపేరు ఖర్చు కొత్తదాని ధరలో సగం దాటినా అంతే. నెలకు పట్టుమని పది పేజీలు కొట్టని ఇల్లయితే ఇంకు ప్రింటర్ మళ్లీ కొనొద్దు. టోనర్ పొడి ఎండిపోదు కాబట్టి నలుపు తెలుపు లేజర్ నయం. అదీ వద్దనుకుంటే పక్క వీధి నెట్ సెంటర్ ఉండనే ఉంది.

కొల్లేటి జనానికి గాలం గురించి ఎవరూ చెప్పక్కర్లేదు. చౌక ప్రింటర్ దానికి గుచ్చిన ఎర, లాభం కాట్రిడ్జ్‌లో ఉంటుంది. బయటి కాట్రిడ్జ్ పెడితే పనిచేయకుండా అడ్డుకునే పరిమితుల గురించి కొనుగోలుదారులకు సరిగా చెప్పలేదని ఇటలీ పోటీ నియంత్రణ సంస్థ 2020 డిసెంబరులో హెచ్‌పీకి కోటి యూరోల జరిమానా వేసింది.

మన దగ్గర కేంద్రం 2022 జులైలో 'రిపేరు హక్కు' మీద కమిటీ వేసి, అదే ఏడాది డిసెంబరు 24న పోర్టల్ తెచ్చింది. తర్వాత ఏ వస్తువు ఎంత సులువుగా బాగవుతుందో మార్కులిచ్చే రిపేరబిలిటీ ఇండెక్స్ ఆలోచన వచ్చింది. దాని మీద 2025 మేలో అందిన నివేదిక చూపు మొబైళ్లు, ట్యాబ్లెట్ల మీదే ఉంది. ప్రింటర్‌నూ అందులో చేర్చాలి. హెడ్ ఊడుతుందా, ప్యాడ్ మార్చుకోవచ్చా, బయటి కాట్రిడ్జ్ ఒప్పుకుంటుందా అన్న మూడు సంగతులు పెట్టె మీద తెలుగులో ముద్రించాలి. లెక్క సున్నా చేసే సాఫ్ట్‌వేర్‌ను మామూలు మెకానిక్‌కూ ఇవ్వాలి.

చివరికి పారేయాల్సి వచ్చినా పాత ఇనుపకొట్టు దారి వద్దు. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వేస్ట్ నిబంధనల్లో ప్రింటరే కాదు, కాట్రిడ్జ్ కూడా ఉంది. నెలనెలా మూడో శనివారం జరిగే స్వచ్ఛాంధ్ర కార్యక్రమానికి 2025 ఏప్రిల్‌లో ఈ-వేస్టునే అంశంగా పెట్టారు. ఏలూరు నగరపాలక సంస్థ, తాడేపల్లిగూడెం మున్సిపాలిటీ ప్రతి మూడో శనివారం పాత ప్రింటర్లు, ఖాళీ కాట్రిడ్జ్‌లు తీసుకునే బల్ల ఒకటి వేయించాలని, అది ఎక్కడ ఉంటుందో ముందుగా పత్రికల్లో ప్రకటించాలని కోరుతూ,

ఒక పాఠకుడు,
తాడేపల్లిగూడెం