నొప్పికి రంగు ఉంటుందా? ఆడ, మగ తేడా ఉంటుందా? కాబోయే డాక్టర్లు ఏమనుకుంటున్నారు?

జ్వరానికి థర్మామీటర్ ఉంది. బీపీకి మెషీన్ ఉంది. మరి నొప్పికి? పేషెంట్ చెప్పే మాటే ఆధారం. ‘పదికి ఎంత ఉంది?’ అని డాక్టర్ అడుగుతారు. మీరు ‘తొమ్మిది’ అన్నారనుకోండి. ఆ తొమ్మిదిని నమ్మాలా, వద్దా అనేది ఆయన ఇష్టం. అసలు చిక్కంతా అక్కడే ఉంది.

సగం మందిలో తప్పుడు నమ్మకాలు

2016లో అమెరికాలోని వర్జీనియా యూనివర్సిటీ పరిశోధకులు 222 మంది తెల్లజాతి మెడికల్ స్టూడెంట్లు, రెసిడెంట్ డాక్టర్లపై ఒక స్టడీ చేశారు. నల్లజాతి వారి చర్మం మందంగా ఉంటుందని, వారి రక్తం త్వరగా గడ్డకడుతుందని.. ఇలాంటి తప్పుడు మాటల్లో కనీసం ఒకదాన్ని దాదాపు సగం మంది నిజమేనన్నారు. చర్మం మందమని నమ్మినవాళ్లు ఫస్టియర్‌లో 40 శాతం. రెసిడెంట్లలో కూడా 25 శాతం. అంటే చదువు పెరిగే కొద్దీ అపోహ తగ్గింది కానీ, పూర్తిగా పోలేదు.

తర్వాత వాళ్లకు కిడ్నీలో రాయి, కాలు ఫ్రాక్చర్ లాంటి ఊహాజనిత కేసులు ఇచ్చారు. అపోహలు ఎక్కువగా ఉన్నవాళ్లు నల్లజాతి పేషెంట్ నొప్పిని తక్కువగా అంచనా వేశారు. ట్రీట్‌మెంట్ విషయంలోనూ పొరబడ్డారు. అపోహలు లేనివాళ్లలో ఆ ధోరణి కనిపించలేదు. వీళ్లంతా చెడ్డవాళ్లని కాదు. బుర్రలోకి ఎక్కిన తప్పుడు సమాచారమే సమస్య.

ఆడవాళ్లయితే ఇంకాస్త ఆగాలి

2008లో వచ్చిన మరో స్టడీ చూడండి. తీవ్రమైన కడుపునొప్పితో ఎమర్జెన్సీకి వచ్చిన మగవాళ్లకు నొప్పి మందు అందడానికి 49 నిమిషాలు పడితే, ఆడవాళ్లకు 65 నిమిషాలు పట్టింది. నొప్పి స్కోరు మాత్రం ఇద్దరిదీ ఇంచుమించు ఒకటే!

పేరు, డబ్బు ఉన్నా ఇదే పరిస్థితి. 2017లో బిడ్డకు జన్మనిచ్చిన మరుసటి రోజు టెన్నిస్ స్టార్ సెరెనా విలియమ్స్‌కు ఊపిరి ఆడలేదు. తనకు సీటీ స్కాన్ చేయాలని ఆమే అడిగారు. మందుల మత్తులో ఏదో మాట్లాడుతోందని నర్సు అనుకున్నారు. చివరికి స్కాన్ తీస్తే ఊపిరితిత్తుల్లో రక్తపు గడ్డలు బయటపడ్డాయి.

ఈ అపోహలు ఇప్పటివి కావు

1840ల్లో అలబామాలో మారియన్ సిమ్స్ అనే డాక్టర్ బానిస మహిళలకు మత్తు ఇవ్వకుండానే పదేపదే ఆపరేషన్లు చేశాడు. న్యూయార్క్ సెంట్రల్ పార్క్‌లోని అతని విగ్రహాన్ని 2018లో తొలగించారు. విగ్రహమైతే పోయింది. నల్లవాళ్లు నొప్పిని తట్టుకుంటారన్న నమ్మకం మాత్రం మిగిలిపోయింది.

మనకేంటి సంబంధం?

ఉంది. తెలుగు రాష్ట్రాల నుంచి ఎంతోమంది ఎంబీబీఎస్ పూర్తి చేసి అమెరికాలో రెసిడెన్సీకి వెళ్తున్నారు. రేపు ఆ ఎమర్జెన్సీ వార్డుల్లో ఉండేది వాళ్లే. ఇక ఇక్కడ సంగతంటారా? నెలసరి నొప్పితో మెలికలు తిరిగే అమ్మాయికి ఇంట్లోనూ, క్లినిక్‌లోనూ వినిపించే మాట ఒకటే: ‘అందరికీ ఉండేదేగా, ఓర్చుకోవాలి’. ఎండోమెట్రియోసిస్ లాంటి జబ్బులు ఏళ్ల తరబడి బయటపడకపోవడానికి ఇదీ ఒక కారణం.

మన దేశంలో 2019 బ్యాచ్ నుంచి ఎంబీబీఎస్‌లో పేషెంట్‌తో ప్రవర్తన, మాటతీరు, నైతిక విలువలపై ప్రత్యేక క్లాసులు పెట్టారు. మంచిదే. కానీ పేషెంట్ మాటను ఎప్పుడు, ఎందుకు తేలిగ్గా తీసుకుంటున్నామని ప్రతి మెడికో తనను తాను ప్రశ్నించుకోవాలి. అది కూడా సిలబస్‌లో భాగం కావాలి.

ఎందుకంటే నొప్పిని కొలిచే మెషీన్ ఇంకా రాలేదు. అప్పటిదాకా ఉన్నది ఒక్కటే, డాక్టర్ చెవి.