ఇంజిన్ తీర్పే తీర్పా?

ఆట ముగియగానే ఫోన్ తియ్యడం, ఎత్తులన్నీ స్టాక్‌ఫిష్ అనే చదరంగం ఇంజిన్‌కి ఎక్కించడం, "ఇరవయ్యో ఎత్తులోనే గెలిచే ఆట చెడగొట్టుకున్నావు" అని తేల్చెయ్యడం. బెంగళూరు బ్రూక్‌ఫీల్డ్‌లో, ఏఈసీఎస్ లేఅవుట్ చుట్టుపక్కల చదరంగం ఆడే మనవాళ్లలో ఇది మామూలైపోయింది. దాని వెంటే ఇంకో మాట: "పదిహేను వందల రేటింగ్ వాళ్ల ఆటలో ఏముంది, అన్నీ తప్పులేగా! పిల్లలైతే అర్జున్ ఎరిగైసి అవుతారన్న ఆశైనా ఉంటుంది. ఉద్యోగస్తులకు టోర్నమెంట్లెందుకు?"

ఈ మాట తప్పు.

తప్పు దొర్లితే ఆటకు విలువ పోతుందంటే ముందు ప్రపంచ చాంపియన్‌షిప్‌నే కొట్టెయ్యాలి. 2024 డిసెంబరు 12న సింగపూర్‌లో, డ్రా కావలసిన ముగింపులో, డింగ్ లిరెన్ 55వ ఎత్తుగా ఏనుగును ఎఫ్2 గడిలో పెట్టాడు. గుకేశ్ ఏనుగుల్నీ శకట్లనీ మార్పించి బంట్లతో గెలిచాడు. 2006లో బాన్‌లో డీప్ ఫ్రిట్జ్ అనే కంప్యూటర్ ప్రోగ్రాంతో ఆడుతూ క్రామ్నిక్ ఒక్క ఎత్తులో పడబోయే ఆటకట్టునే చూడలేదు. అప్పుడాయన ప్రపంచ చాంపియన్.

ఇంజిన్ చూపే ఆధిక్యం ఇంజిన్‌ది. ఆ ఎత్తు కనిపెట్టి, చివరిదాకా లెక్క కట్టగలిగినవాడికే అది ఆధిక్యం. ఇద్దరికీ కనిపించనిది ఆ బల్లమీద లేనట్టే. ఏనుగు, బంటు ఉన్నవాడిని ఒక్క ఏనుగుతో ఆపాల్సిన ముగింపు తీసుకోండి. రాజు బంటుకు ఎదురుగా నిలవాలి. బంటు దాని ఆరో వరసకు చేరేదాకా మన ఏనుగు ఆ వరసను కాచుకోవాలి. బంటు అక్కడ అడుగుపెట్టగానే ఏనుగు అవతలి అంచుకు వెళ్లి వెనకనుంచి చెక్ చెబుతూ ఉండాలి. ఫిలిడార్ 18వ శతాబ్దంలో చూపించిన పద్ధతి ఇది. ఇంజిన్ దానికి సున్నా, అంటే సమానం అని వేసి ఊరుకుంటుంది. గడియారంలో రెండు నిమిషాలే మిగిలి, ముట్టుకున్న పావునే కదపాల్సిన మనిషికి మాత్రం అదే అసలు పోరాటం. పుస్తకంలో చదివింది చేతికి వచ్చిందో లేదో అక్కడే తేలుతుంది. వారమంతా ఆఫీసులో కోడ్ రాసి, ఆదివారం నాలుగు గంటలు బల్లముందు కూర్చున్నవాడికి ఆ డ్రా చిన్నదేమీ కాదు. ఎవరి సాయమూ లేకుండా తెచ్చుకున్నది.

ఇంజిన్ వద్దనడం లేదు, దాని వంతు తరవాత. ఆట కాగానే ఓడినవాడూ గెలిచినవాడూ అదే బల్లమీద మళ్లీ పావులు పేర్చండి. ఏ ఎత్తుకు ఎందుకు భయపడ్డారో ఒకరికొకరు చెప్పుకోండి. ఆ సంగతి ఏ ఇంజినూ చెప్పలేదు. మీ రాతకాగితంలో ఎత్తుల పక్కన మీ ఆలోచన రాసుకున్నాకే ఫోన్ తియ్యండి.