పొగను కడగనిదే బొగ్గుపులుసు చిక్కదు

బొగ్గును మండించే విద్యుత్కేంద్రాల పొగ నుండి కార్బన్ డై ఆక్సైడ్‌ను, అనగా బొగ్గుపులుసు వాయువును, వేరుచేసి భూగర్భంలో దాచివేయవచ్చునన్న మాట నేడు ప్రభుత్వాల నోటా, కంపెనీల నోటా తరచుగా వినవస్తున్నది. మాట అబద్ధం కాదు. అయితే పొగలో ఆ వాయువు ఒక్కటే లేదన్న సంగతిని సభలలో చెప్పేవారు అరుదు. ఈ యత్నాల జయాపజయాలలో దాని వెంట వచ్చే మలినాల పాత్ర చాలా పెద్దది.

ఈ విద్య కొత్తది కాదు. అమీన్ ద్రావణంతో ఆమ్లవాయువులను పీల్చుకొనే పద్ధతికి ఆర్. ఆర్. బాటమ్స్ అమెరికాలో 1930లోనే పేటెంటు పొందాడు. అమీన్‌లు అమ్మోనియాకు దగ్గరి చుట్టాలు, క్షారగుణం కలవి. నూటికి 30 పాళ్ల మోనోఇథనాలమీన్ కలిపిన నీటిని ఎత్తైన స్తంభంలో పైనుండి జారవిడిస్తే, క్రిందినుండి ఎదురెక్కే పొగలోని బొగ్గుపులుసు వాయువు దానికి అంటుకొంటుంది. ఆ బంధం బలహీనమైనది. మరొక స్తంభంలో సుమారు 120 డిగ్రీల సెంటిగ్రేడుకు కాచినంతనే వాయువు విడిపోతుంది, ద్రావణం మళ్లీ పనికివస్తుంది. సహజవాయువును శుద్ధిచేయటానికి దశాబ్దాలుగా వాడుతున్న పద్ధతి ఇదే. అయితే సహజవాయువులో బూడిద లేదు, చెప్పుకోదగిన ఆమ్లజనీ లేదు. పొగలో రెండూ ఉన్నవి.

అసలు చిక్కు గంధకంతో. సల్ఫర్ డై ఆక్సైడ్ బొగ్గుపులుసు కంటె బలమైన ఆమ్లవాయువు. బొగ్గుపులుసు వాయువు వచ్చి పోయే చుట్టం వంటిదైతే, ఇది తిష్ఠవేసే చుట్టం. అమీన్‌తో కలిసి ఏర్పరచే లవణాలు ఎంత కాచినా విడిపోవు. లెక్క వేస్తే ఒక కిలో సల్ఫర్ డై ఆక్సైడ్ దాదాపు రెండు కిలోల అమీన్‌ను బంధించగలదు. అందుచేతనే పొగలో అది పదిలక్షలకు 10 పాళ్లకు మించరాదని ఇంజనీర్లు కోరుతారు. శుద్ధిచేయని బొగ్గు పొగలో అది వందల పాళ్లు ఉంటుంది.

ఆమ్లజని మరొక శత్రువు. అది అమీన్‌ను ముక్కలుచేసి అమ్మోనియాగా, ఫార్మేట్, ఆక్సలేట్ లవణాలుగా మార్చివేస్తుంది. బూడిదతో వచ్చే ఇనుము ఆ పనిని త్వరితం చేస్తుంది. కెనడాలోని సస్కాచెవాన్‌లో 2014 అక్టోబరులో ప్రారంభమైన బౌండరీ డామ్ కేంద్రం ఏటా పది లక్షల టన్నుల వాయువును పట్టవలసి ఉండగా, తొలి సంవత్సరాలలో అంతకు చాలా తక్కువే పట్టగలిగింది. కారణాలలో ముఖ్యమైనవి బూడిద చేరి పరికరాలు పూడుకొనిపోవటం, అమీన్ అనుకొన్నదానికంటె వేగంగా చెడిపోవటం. ముందుగా వేసుకొన్న ఖర్చుల అంచనాలో ఈ బూడిదకు తగిన స్థానం లేకపోయింది.

నత్రజని ఆక్సైడులలో అధికభాగమైన నైట్రిక్ ఆక్సైడ్ అమీన్‌ను పెద్దగా బాధించదు. స్వల్పభాగమైన నైట్రోజన్ డై ఆక్సైడ్ మాత్రం నైట్రోసమీన్‌లకు దారితీస్తుంది. వీటిలో కొన్ని క్యాన్సర్ కారకాలు. 2012లో మోంగ్‌స్టాడ్‌లో పరీక్షాకేంద్రం తెరచిన నార్వే, అంతకుముందే, 2011లో, గాలిలో వీటికీ, నైట్రమీన్‌లకూ కలిపి ఘనపు మీటరుకు 0.3 నానోగ్రాముల పరిమితిని సూచించింది. వాతావరణాన్ని కాపాడబోయి ఇరుగుపొరుగు ఊళ్ల ఆరోగ్యాన్ని పణంగా పెట్టరాదన్న ఆ జాగ్రత్త మెచ్చదగినది.

హ్యూస్టన్ ప్రాంతపు తెలుగువారికి పొరుగున ఉన్న పెట్రా నోవా 2017లో పని ప్రారంభించి, చమురు ధర పడిపోవటంతో 2020లో ఆగి, 2023లో తిరిగి మొదలైంది. అక్కడ గంధకాన్ని ముందే కడిగిన పొగను కాస్టిక్ సోడాతో మరొకమారు కడిగిన పిదపనే అమీన్‌కు అందిస్తారు.

భారతదేశంలో జరుగుతున్నది దీనికి విరుద్ధం. 2015 డిసెంబరులో విద్యుత్కేంద్రాలకు విధించిన గంధక పరిమితుల గడువు పలుమార్లు వాయిదాపడింది. 2025 జులైలో అత్యధికసంఖ్యాకమైన కేంద్రాలకు కడిగే యంత్రాల నియమమే సడలిపోయింది. దేశీయపు బొగ్గులో గంధకం తక్కువన్నది ప్రభుత్వ వాదన. తక్కువే, కాని అమీన్ సహించే మేరకు తక్కువ కాదు. ఆ బొగ్గులో బూడిద నూటికి 35 నుండి 45 పాళ్లు! ఈ యంత్రాల ఖర్చు నేడు తప్పినట్లు కనిపించినా, బొగ్గుపులుసును పట్టదలచిననాడు అది రెట్టింపు బరువుతో ఎదురవుతుంది. అంతవరకు ఆ గాలిని పీల్చేవారు ఆ కేంద్రాల చుట్టుపట్ల ఊళ్లవారు.

మధ్యప్రదేశ్‌లోని వింధ్యాచల్ కేంద్రంలో 2022లో రోజుకు 20 టన్నుల వాయువును పట్టే యూనిట్ నెలకొల్పినపుడు, అందుకు ఎంచుకొన్నది 13వ బాయిలరు పొగను. గంధకాన్ని కడిగే యంత్రం అక్కడ ముందే ఉన్నది.